గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సమీక్ష: చిన్న దుకాణం ఇక్కడే మొదలుపెట్టాలి

మిక్సీ పాడైతే ఇప్పుడు చాలామంది ఫోన్ తీసి "దగ్గర్లో మిక్సీ రిపేర్" అని మైకులో తెలుగులోనే అడుగుతారు. మ్యాప్‌లో పైన కనబడిన దుకాణానికి ఫోన్ చేస్తారు. పక్క సందులో 20 ఏళ్లుగా రిపేర్లు చేస్తున్న మెకానిక్ పేరు అందులో లేకపోతే ఆ పని ఆయనకు రాదు. రాలేదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. చిన్న వ్యాపారం నెట్‌లో కనబడాలనేది ఇందుకే. వెబ్‌సైట్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఆ తర్వాతి సంగతి. రీల్ చూసేవాళ్లు కాలక్షేపానికి చూస్తారు, మ్యాప్‌లో వెతికేవాళ్లు పని పడి వెతుకుతారు.

గూగుల్ మ్యాప్‌లో, వెతుకులాటలో దుకాణం పేరు, ఫోన్, వేళలు కనబడేలా చేసే సేవే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2014లో గూగుల్ మై బిజినెస్ పేరుతో వచ్చిన దీనికి 2021 నవంబరులో ఇప్పటి పేరు పెట్టారు. విడిగా యాప్ లేదు. ప్రొఫైల్ ఉన్న జీమెయిల్‌తో లాగిన్ అయి గూగుల్‌లో దుకాణం పేరు కొడితే మార్పులు చేసే బటన్లన్నీ అక్కడే వస్తాయి. పైసా కట్టనక్కర్లేదు. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ దుకాణం మ్యాప్‌లోంచి పోతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే మోసమే, వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలు వేరు. మామూలు వెతుకులాటలో ఎవరు పైన రావాలన్నది అడిగినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్న మూడింటిని బట్టి ఉంటుంది. దూరాన్ని మనం మార్చలేం కాబట్టి మిగతా రెండింటి మీదే శ్రమ పెట్టాలి.

పేరు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బోర్డు మీద "శ్రీ లక్ష్మీ టైలర్స్" అని ఉంటే ప్రొఫైల్‌లోనూ అంతే ఉండాలి. దానికి "బెస్ట్ బ్లౌజ్ స్టిచింగ్ విజయవాడ" అని తోక తగిలిస్తే నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. ఏం పని చేస్తారో చెప్పడానికి కేటగిరీలున్నాయి: ప్రధానమైనది ఒకటి, అదనంగా 9 వరకు. వివరణకు 750 అక్షరాలు ఇస్తారు. తెలుగు మ్యాప్‌లో పేరు కొన్నిసార్లు ఇంగ్లీషు స్పెల్లింగ్ నుంచి యాంత్రికంగా తయారవుతుంది, "పద్మ" కాస్తా "పాడ్మా" అయిపోవచ్చు. ఫోన్ భాషను తెలుగుకు మార్చి ఒకసారి చూసుకోండి.

మన ఊళ్లలో ఇంటి నంబర్లు పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉంటాయి. అడ్రసు ఎంత జాగ్రత్తగా టైపు చేసినా గుర్తు రెండు వీధుల అవతల పడొచ్చు. మ్యాప్‌ను బాగా పెద్దది చేసి, పిన్నును చేత్తో జరిపి సరిగ్గా షట్టర్ మీద పెట్టాలి.

అసలు కష్టం వెరిఫికేషన్, అంటే దుకాణం నిజంగా ఉందని, అది మీదేనని గూగుల్‌కు రుజువు చేయడం. ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. కనీసం 30 సెకన్లు, మధ్యలో ఆపకుండా, ఎడిట్ చేయకుండా తీయాలి. ముందు రోడ్డు, పక్క దుకాణాల బోర్డులు చూపించండి. తర్వాత మీ బోర్డు. తర్వాత షట్టర్ తాళం తీసి లోపలికి వెళ్లి కౌంటర్, కుట్టు మిషన్లు లేదా పనిముట్లు, గోడకున్న లైసెన్సు చూపించండి. తాళం తీయడం ముఖ్యం, దుకాణం మీ చేతిలోనే ఉందనడానికి అది రుజువు. ఎవరి ముఖాలూ, బ్యాంకు వివరాలూ పడకూడదు. బోర్డు లేకపోవడం, బోర్డు మీద ఒక పేరు ప్రొఫైల్‌లో ఇంకో పేరు ఉండడం, లోపల మాత్రమే తీసి వీధి చూపించకపోవడం వల్ల వీడియోలు తిరిగొస్తాయి. ముందు బోర్డు పెట్టించి తర్వాత దరఖాస్తు చేసుకోవడమే మేలు.

టిఫిన్ సెంటర్‌కు పొద్దున 6 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 9 అని ఒకే రోజుకు రెండు వేళలు పెట్టుకోవచ్చు. సంక్రాంతికి, దసరాకు ప్రత్యేక వేళలు విడిగా ఇవ్వాలి. తెరిచి ఉందని చూసి వచ్చినవాళ్లు తాళం చూసి వెనక్కిపోతే ఒక్క స్టార్ ఇచ్చి వెళ్తారు. ఫొటోల్లో ముందుగా ధరల పట్టిక, బయటి నుంచి దుకాణం ఎలా ఉంటుందో తెలిపేవి పెట్టండి. 720 పిక్సెళ్ల చదరం, 5 ఎంబీ లోపు ఉంటే చాలు.

రివ్యూల కోసం ప్రొఫైల్‌లోనే లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. ప్రింటు తీసి గల్లా దగ్గర, యూపీఐ కోడ్ పక్కన అంటించండి. కానీ "5 స్టార్లు ఇస్తే 10 శాతం తగ్గింపు" అని రాయకూడదు, అది నిషేధం. సొంతవాళ్లతో, పనివాళ్లతో రాయించడమూ అంతే. చెడ్డ రివ్యూను యజమాని తీసేయలేరు, నిబంధనలు దాటితే ఫిర్యాదు మాత్రం చేయొచ్చు. వాదించకుండా, ఏం జరిగిందో రెండు వాక్యాల్లో జవాబు రాయండి. ఆ జవాబు చదివేది రేపు రాబోయే కస్టమర్లు.

ఇక లోపాలు. ఈ జాగా మీది కాదు, అద్దెకిచ్చినట్టు ఇచ్చారంతే. ఇందులో ఉచితంగా కట్టుకున్న చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో, కస్టమర్లు మెసేజ్ పెట్టే చాట్‌ను అదే ఏడాది జులైలో గూగుల్ ఆపేసింది. దారిన పోయేవాళ్లు కూడా మీ వేళలకు, ఫోన్ నంబరుకు "సవరణ" సూచించగలరు, అది ఆమోదం పొందితే మారిపోతుంది. వారానికోసారి తెరిచి చూడాల్సిందే. సస్పెండ్ అయితే అప్పీలు చేసుకోవచ్చు గానీ, సాక్ష్యాల ఫారం తెరిచాక 60 నిమిషాల్లో పంపేయాలి. ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ పత్రం, కరెంటు బిల్లు ముందే ఫొటో తీసి పెట్టుకుని అప్పుడే మొదలుపెట్టండి.

ఇంకో పెద్ద ప్రమాదం: ప్రొఫైల్‌ను ఏజెంటు తన జీమెయిల్‌తో తెరవడం. అతనితో చెడితే మీ రివ్యూలన్నీ అతని చేతిలో ఉంటాయి. ప్రధాన యజమానిగా మీ జీమెయిలే ఉండాలి, పనిచేసేవాళ్లను మేనేజర్లుగా మాత్రమే చేర్చుకోవాలి.

ఇంటికొచ్చి ఏసీ బాగుచేసేవాళ్లు అడ్రసు దాచి, తిరిగే ప్రాంతాలు 20 వరకు ఇచ్చుకోవచ్చు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి కొరియర్‌లో మాత్రమే పంపేవాళ్లకు మాత్రం ఈ సేవ వర్తించదు, కస్టమర్లను నేరుగా కలిసే వ్యాపారాలకే ఇస్తారు. వాళ్లు వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టి, ప్రతి పచ్చడికీ ధర, బరువు రాసి, సీసా మీద వేసే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరును అక్కడా చూపించాలి.