సామీ2 మోడల్: చాన్నాళ్లు వాడాక నా మాట

కడపలో రీసెర్చ్‌లో చేరి ఐనోస్ఫియర్ (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉండే పొర) వైపు వచ్చినప్పటి నుంచి నా ల్యాప్‌టాప్‌లో సామీ2 నడుస్తూనే ఉంది. అమెరికా నేవల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన ఐనోస్ఫియర్ కంప్యూటర్ మోడల్ ఇది. ఫోర్ట్రాన్‌లో రాశారు, కోడ్ ఉచితంగా దొరుకుతుంది. సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. చిన్న ఊళ్ల యూనివర్సిటీల్లో చదివేవాళ్లకు అదే పెద్ద మేలు.

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన దగ్గరగా పోతుంది. పగలు అక్కడ పైకి లేచిన ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్లు కలిసిన వాయువు) అయస్కాంత రేఖల వెంబడి రెండు పక్కలకూ జారుతుంది. ఉత్తరం వైపు అది పోగయ్యేది అహ్మదాబాద్, భోపాల్ అక్షాంశాల దగ్గర. కడప ఆ అయస్కాంత భూమధ్యరేఖకూ ఈ పోగయ్యే చోటుకూ నడుమ పడుతుంది. కాబట్టి ఇక్కడి జీపీఎస్ రిసీవర్ చూపే ఎలక్ట్రాన్ల లెక్క ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో డేటా ఒక్కటే చూసి చెప్పలేం.

సామీ2 నాకు నచ్చింది ఇక్కడే. ఒక్కో కారణాన్ని విడిగా ఆపి చూడొచ్చు. నేమ్‌లిస్ట్ ఫైల్లో (మోడల్‌కు విలువలిచ్చే ఫైలు) గాలి వేగాన్ని గుణించే ‘టీవీఎన్0’కి సున్నా ఇస్తే గాలులు ఆగిపోతాయి. జూన్ నెలలో ఏదో ఒక రోజును గాలితో ఒకసారి, గాలి లేకుండా ఒకసారి నడిపి చూడండి. గాలి ఉన్నప్పుడు ఉత్తరం వైపు ప్లాస్మా రేఖల వెంట పైకి, దక్షిణం వైపు కిందికి జరగడం ప్లాట్‌లో స్పష్టంగా కనబడుతుంది. ఈ సంగతి పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా నాకు ఇంత బాగా పట్టుబడలేదు.

రెండు జాగ్రత్తలు. మొదటి 24 గంటల ఫలితం పక్కన పెట్టి, రెండో రోజుదే తీసుకోవాలి. కడప స్థానిక సమయం మన గడియారం కంటే దాదాపు పావుగంట వెనక ఉంటుంది. సాయంత్రం డ్రిఫ్ట్ (ప్లాస్మా పైకి లేచే వేగం) ఎగసే వేళను డేటాతో పోల్చేటప్పుడు ఆ పావుగంట లెక్కలోకి వస్తుంది. గ్రిడ్ (మోడల్ లెక్కకట్టే బిందువుల అమరిక) మార్చిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయాల్సి రావడం మాత్రం విసుగే.

అసలు లోటు అయస్కాంత తుఫాను (సూర్యుడి ప్రభావంతో భూమి అయస్కాంత క్షేత్రం కల్లోలమయ్యే) రోజుల్లో తెలుస్తుంది. ఆ కల్లోలం ఎంతో చెప్పే ‘ఏపీ’ (ap) సూచికి రన్ మొత్తానికీ ఒకటే విలువ ఇవ్వాలి. డ్రిఫ్ట్ కూడా షెర్లీస్, ఫేజర్ అనే శాస్త్రవేత్తలు తయారుచేసిన ప్రశాంత దినాల సగటు. అందుకే 2024 మే 10, 11 లాంటి రోజులకు ఉన్నదున్నట్టు నడిపితే ఫలితాన్ని నమ్మలేం. పగటి వరకైతే తిరునెల్వేలి, అలీబాగ్ మాగ్నెటోమీటర్లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు) చూపే తేడా నుంచి డ్రిఫ్ట్ అంచనా కట్టి కోడ్‌లోకి ఎక్కించొచ్చు, నేను చేసేదీ అదే. పొద్దు గూకితే ఎలక్ట్రోజెట్ (ఆ తేడాకు కారణమైన, అయస్కాంత భూమధ్యరేఖ మీదుగా పగలు పారే విద్యుత్ ప్రవాహం) సన్నగిల్లిపోతుంది, ఆ దారి కూడా మూసుకుపోతుంది. మనకు ఎక్కువ కావాల్సింది ఆ వేళే.