బొలెరోకు నేనే వేసిన మచ్చల తొడుగు: మూడు వేసవుల తర్వాత

మా తెల్ల బొలెరోకు క్యామఫ్లాజ్ (రూపం కంటికి దొరకనివ్వని మచ్చల) డిజైన్ వినైల్ ర్యాప్‌ను, అంటే పెయింటు మీద అంటించే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్‌ను, 2022 జనవరిలో, బావమరిది సాయంతో, ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేనే అంటించాను. కర్నూలు ఎండలో మూడు వేసవులు గడిచి, బానెట్ మీది ముక్కను ఒకసారి పీకి మళ్లీ కొత్తది వేశాక గాని దీని గురించి రాయడం భావ్యం కాదనిపించి, ఇన్నాళ్లూ ఆగాను.

మొదటి చిక్కు డిజైన్ దగ్గరే వచ్చింది. మనసు సైనిక వాహనాల ఆకుపచ్చ మచ్చల మీదకే పోయింది గాని, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ఆలివ్ గ్రీన్ రంగును రక్షణ శాఖ వాహనాలకు తప్ప మిగతావాటికి నిషేధించింది. ఇది పెయింటు కాదు, స్టిక్కరే కదా అని దుకాణంలో ఒకరు వాదించారు; ఆ వాదనను నడిరోడ్డు మీద పోలీసులకు వినిపించే ఓపిక నాకు లేక, బూడిద, నలుపు, తెలుపు మచ్చలున్న డిజైన్ తీసుకున్నాను. బండినంతా కప్పితే ఆర్సీలో ఉన్న రంగుకూ కంటికి కనిపించే రంగుకూ పొంతన పోతుంది కాబట్టి, బానెట్, తలుపుల కింది సగం, వెనుక తలుపు మాత్రమే కప్పి, మిగతాదంతా తెలుపుగానే వదిలేశాను.

అసలు పొరపాటు ఫిల్మ్ కొనేటప్పుడు చేశాను. వినైల్‌లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ద్రవరూపంలో పలుచగా పోసి ఆరబెట్టేది కాస్ట్ ఫిల్మ్. అది సుమారు 50 మైక్రాన్ల మందమే ఉండి, వంపుల మీద బట్టలాగా ఒదుగుతుంది. వేడి రోలర్ల మధ్య నలిపి సాగదీసేది క్యాలెండర్డ్ ఫిల్మ్. అది మందంగా, చవకగా దొరుకుతుంది గాని, సాగదీసి పుట్టించినది కనుక ఎండ తగిలినప్పుడల్లా వెనక్కి ముడుచుకుపోవాలని చూస్తుంది. తలుపులకు కాస్ట్ కొని, బానెట్ దగ్గరికి వచ్చేసరికి డబ్బు చాలక చవకదాని మీదే అదే డిజైన్ ముద్రింపించాను. నిలువుగా ఉండే తలుపుల కంటే ఆకాశం వైపు పరుచుకుని ఉండే బానెట్‌కే ఎండ ఎక్కువ కాబట్టి, చవకది వాడక తప్పదనుకుంటే దాన్ని తలుపులకు వాడి, మంచిది బానెట్‌కు ఉంచుకోవలసింది.

అంటించడానికి రెండు రోజులు పడితే, అందులో ఒక పూటంతా శుభ్రం చేయడానికే పోయింది. షాంపూతో కడిగి, తారు మరకలు తీసి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాము. అంచుల లోపలి వైపు, బీడింగ్ కింద పేరుకున్న మైనాన్ని మాత్రం సరిగా వదిలించలేదని తర్వాత ఆ అంచులే చెప్పాయి. బొలెరో తలుపులు దాదాపు బల్లపరుపుగా ఉండటం చేతగానివాళ్లకు వరం వంటిది. జిగురు వైపు గాలి బయటికి పోయే సన్నని దారులున్న ఫిల్మ్‌ను పొడిగానే అంటించాలి. మన స్టిక్కర్ దుకాణాల అలవాటు ప్రకారం బానెట్‌కు సబ్బునీళ్లు చల్లి అంటిస్తే, ఆ నీరు ముక్కు దగ్గరి మడతలో చిక్కుకుని జిగురును పట్టనివ్వలేదు. బ్లేడును పెయింటు మీద ఆనించి కోయడం కంటే, లోపల సన్నని దారం దాచిన ప్రత్యేకమైన టేపును ముందే అంటించి, ఫిల్మ్ పరిచాక ఆ దారాన్ని లాగి కోసుకోవడం మేలు. దానికి అదనంగా ఖర్చైనా పెయింటు మీద ఒక్క గీత పడలేదు.

క్యామఫ్లాజ్ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇంకా మార్కెట్లోకి రాని కార్లను కంపెనీలు రోడ్ల మీద పరీక్షించేటప్పుడు ఇటువంటి చుక్కలు, సుడులున్న తొడుగులు వేసేది, బాడీ మీది వంపులు కంటికి దొరకకుండా ఉండేందుకే. మా బండి తలుపు మీది పాత సొట్ట కూడా అదే విధంగా మాయమైంది. రెండు ముక్కలు కలిసిన అతుకు నాకు తప్ప ఎవరికీ కనిపించదు. అయితే ఒకే రంగు ఫిల్మ్ దాచే తప్పును ఇది బయటపెడుతుంది: ఎక్కడ ఎక్కువగా సాగదీస్తే అక్కడ మచ్చ కోలగా సాగిపోతుంది. మొదట అంటించిన తలుపు మూల దగ్గర ఒక నల్ల మచ్చ చింతకాయలా వంగి ఉంది. ఇప్పటికీ బండి ఎక్కేటప్పుడు నా చూపు అక్కడికే పోతుంది.

బానెట్ 14 నెలలకే చేతులెత్తేసింది. ముందు నలుపు పాలిపోయింది, తర్వాత పగుళ్లు వచ్చాయి, ఆపైన అంచులు ముడుచుకున్నాయి. హీట్ గన్‌తో వేడి చేస్తూ పీకితే పొరగా రాకుండా గోరంత ముక్కలుగా ఊడింది. దాని కింద మిగిలిన జిగురు తీయడానికి ఒక ఆదివారమంతా సరిపోయింది. అంతకుముందెప్పుడో స్థానికంగా మళ్లీ పెయింటు వేయించిన కుడి మూల దగ్గర ఆ పెయింటు కూడా ఫిల్మ్‌తో పాటే లేచివచ్చింది. కంపెనీ పెయింటు ఉన్నచోట మాత్రం ఏమీ కాలేదు సరికదా, చుట్టుపక్కల కంటే తెల్లగా, మెరుస్తూ బయటపడింది.

రెండోసారి బానెట్‌కు కాస్ట్ ఫిల్మ్‌నే పొడిగా అంటించి, అంచులనూ మడతలనూ చివర్లో 90 డిగ్రీలు దాటేదాకా మళ్లీ వేడి చేశాను. సాగిన ఫిల్మ్ తన పాత కొలతను మరిచిపోయి అక్కడే స్థిరపడాలంటే ఈ పని తప్పనిసరి. మొదటిసారి దీన్ని చాదస్తమనుకుని వదిలేశాను. ఈ కొత్త ముక్క రెండు వేసవులు చూసినా ఇప్పటికీ పగల్లేదు, రంగు మాత్రం కొద్దిగా తగ్గింది.

ఈ మూడేళ్లలో సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ నీటిని అంచుల మీదకు కొట్టనివ్వలేదు. పక్షి రెట్టలను ఎండిపోకముందే తడిగుడ్డతో తుడిచాను. గత నెలలో ఎడమ తలుపు హ్యాండిల్ కింద అరంగుళం మేర ఫిల్మ్ లేచింది. దుమ్ము తుడిచి, వేడి చేసి, బొటనవేలితో నొక్కి ఉంచితే పట్టుకుంది గాని, మళ్లీ లేస్తే ఆ ముక్కను అక్కడిదాకా కోసి తీసేస్తాను.