సింబల్స్ పెట్టి కెర్నల్ కట్టుకోవడం: రెండేళ్లు వాడాక

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. డీబగ్ సింబల్స్‌తో, అంటే మెషీన్ కోడ్‌లో ఏ ముక్క ఏ సోర్స్ లైనుదో చెప్పే సమాచారంతో, కట్టినంత (కంపైల్ చేసినంత) మాత్రాన లైనక్స్ కెర్నల్ నడకలో నెమ్మదించదు. ఖర్చంతా కట్టేటప్పుడే: డిస్క్, ర్యామ్, కాస్త ఓపిక. ఉబుంటు 22.04, 24.04ల మీద 6.6, 6.12 లాంగ్‌టర్మ్ కెర్నళ్లను ఇలాగే కట్టి రోజువారీ పనికి వాడుతున్నాను. "డీబగ్ కెర్నలా? పాకుతుంది బాసూ" అనే మాట మాదాపూర్ క్యాంటీన్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. తప్పులు పట్టే కాసాన్, లాక్‌డెప్ ఆప్షన్ల విషయంలో అది నిజమే. ప్రతి మెమరీ యాక్సెస్‌నీ, ప్రతి లాకునీ అవి నడుస్తుండగానే తనిఖీ చేస్తాయి మరి. సింబల్స్ సంగతి వేరు. వాటిని రాసే ఫార్మాట్ పేరు డ్వార్ఫ్. ఆ సమాచారమంతా బిల్డ్‌లో తయారయ్యే వీఎంలైనక్స్ ఫైల్లో పడి ఉంటుంది, బూట్ అయ్యే కుదించిన ఫైల్ బీజెడ్‌ఇమేజ్‌లోకి రాదు. బీపీఎఫ్‌కి (నడుస్తున్న కెర్నల్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాములకు) కావాల్సిన టైప్ సమాచారం బీటీఎఫ్ ఒక్కటే కొన్ని ఎంబీల మేర మెమరీలోకి వస్తుంది.

ఆప్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అన్నీ పెద్ద అక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్.

కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏ ఆప్షన్లు ఉండాలో చెప్పే ఫైల్) దగ్గరే ఎక్కువమంది పడేది. నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్‌ని /బూట్ నుంచి డాట్ కాన్ఫిగ్‌గా కాపీ చేసి 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' (కొత్త ఆప్షన్లకు డీఫాల్ట్ విలువలు నింపేది) కొట్టడం వరకు అందరికీ తెలిసిందే. పాత నోట్సులన్నీ ఆ తర్వాత స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ స్క్రిప్టుతో 'డీబగ్ ఇన్ఫో'ని ఎనేబుల్ చేయమంటాయి. 5.18 నుంచి ఆ పప్పులుడకవు. అప్పటి నుంచి డీబగ్ ఇన్ఫో మనం నేరుగా నొక్కే స్విచ్ కాదు. 'డీబగ్ ఇన్ఫో నన్', 'డ్వార్ఫ్ టూల్‌చెయిన్ డీఫాల్ట్', 'డ్వార్ఫ్4', 'డ్వార్ఫ్5' అనే నాలుగింట్లో నన్ కాకుండా ఒకటి ఎంచుకుంటే దాని వెనకాల అదే ఆన్ అవుతుంది. పాత పద్ధతిలో పెడితే స్క్రిప్టు కిక్కురుమనదు, ఫైల్లో వై కూడా కనిపిస్తుంది. తర్వాత ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ వచ్చి దాన్ని మాట్లాడకుండా తీసేస్తుంది. గంట సేపు కంపైల్ అయ్యాక జీడీబీ డీబగ్గర్‌లో 'నో డీబగ్గింగ్ సింబల్స్' అని వచ్చినప్పుడు గానీ విషయం తెలియదు. అందుకే ఎంపిక చేశాక ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఇంకోసారి నడిపి, డాట్ కాన్ఫిగ్‌లో డీబగ్ ఇన్ఫో కోసం గ్రెప్ కొట్టి చూసుకున్నాకే మేక్ మొదలుపెట్టాలి.

ఉబుంటు కాన్ఫిగ్‌తో వచ్చే రెండో తద్దినం సర్టిఫికెట్లది. కంపైల్ మొదలైన కాసేపటికి 'కెనానికల్ సర్ట్స్ పెమ్' ఫైల్‌ని తయారుచేసే రూల్ లేదంటూ ఆగిపోతుంది. ఆ ఫైల్ ఉబుంటు సోర్స్‌లో ఉంటుంది, కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న సోర్స్‌లో ఉండదు. 'సిస్టమ్ ట్రస్టెడ్ కీస్', 'సిస్టమ్ రివొకేషన్ కీస్' రెండింటికీ ఖాళీ స్ట్రింగ్ ఇస్తే సరి.

డ్వార్ఫ్ వెర్షన్ ఏది? జీసీసీ కంపైలర్ 11 నుంచి డీఫాల్ట్ డ్వార్ఫ్5. సైజు తక్కువ కాబట్టి అదే నయం. కానీ క్రాష్ డంపులు (కెర్నల్ కూలినప్పటి మెమరీ నకళ్లు) చూసే మెషీన్ పాతదైతే ఆగి ఆలోచించాలి. వాటిని చదివే క్రాష్ యుటిలిటీ 7 శ్రేణి లోపల ఉన్నది జీడీబీ 7.6, డ్వార్ఫ్5 చదవాలంటే కనీసం జీడీబీ 8 కావాలి. క్రాష్ 8.0 నుంచి జీడీబీ 10.2 వచ్చింది. అంతకంటే పాతది వాడే బృందం ఉంటే డ్వార్ఫ్4 పెట్టుకోండి, లేకపోతే డంప్ చేతిలో ఉండి కూడా దండగే.

'రిడ్యూస్డ్' ఆప్షన్ చూసి ఆశపడొద్దు. సైజు బాగానే తగ్గుతుంది, కానీ స్ట్రక్చర్ల టైప్ సమాచారం పోతుంది. లైన్ నంబర్లు మిగులుతాయి, స్ట్రక్చర్ విప్పి చూడటం కుదరదు, బీటీఎఫ్ రాదు. 'స్ప్లిట్' పెడితే సమాచారం వేల డీడబ్ల్యూఓ ఫైళ్లలోకి చెదిరిపోతుంది. వీఎంలైనక్స్ ఒక్కటీ వేరే మెషీన్‌కి పంపితే లాభం లేదు, దానితోనూ బీటీఎఫ్ కుదరదు. రెండూ నాకు నచ్చలేదు.

ఇక ర్యామ్. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో '-జె16' (ఒకేసారి 16 పనులు) కొడితే కంపైల్ అంతా సాఫీగా సాగి, సరిగ్గా చివరి లింక్ దగ్గరో పహోల్ దగ్గరో 'కిల్డ్' అన్న ఒక్క ముక్క పడుతుంది. కంపైలర్ తప్పేం లేదు. డ్వార్ఫ్ మొత్తాన్ని మెమరీలోకి లాగి బీటీఎఫ్‌గా మార్చేది పహోల్, దానికే జీబీలు కావాలి. డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) అవుట్ ఆఫ్ మెమరీ వరుస కనిపిస్తే అదే కారణం. బీపీఎఫ్ పని లేనివాళ్లు 'డీబగ్ ఇన్ఫో బీటీఎఫ్' తీసేయొచ్చు. ఒక్క ఫైల్ మార్చి మళ్లీ కట్టినప్పుడల్లా ఆ సమయం కూడా మిగులుతుంది. కావాలనుకుంటే డ్వార్వ్స్ ప్యాకేజీ ముందే వేసుకోవాలి, పహోల్ దానితో పాటే వస్తుంది. నా లెక్కలో 16 జీబీ కనీసం, 32 ఉంటే హాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాల సీటీసీకి వెళ్లేవాళ్లు ప్రాసెసర్ మార్చే ముందు ర్యామ్, ఆ తర్వాత ఎన్‌వీఎంఈ చూసుకోవడం మేలు. డిస్ట్రో కాన్ఫిగ్ అలాగే ఉంచితే డిస్క్‌లో 30 జీబీ ఖాళీ పెట్టుకోవాలి.

'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' వాడితే ఐదారు జీబీలతో సరిపోతుంది. ఆ క్షణాన లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లనే (అవసరమైనప్పుడు ఎక్కే కెర్నల్ ముక్కలు) అది ఉంచుతుంది కాబట్టి పెన్‌డ్రైవ్ పెట్టి, డాకర్ కంటైనర్ ఒకటి లేపి, ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ కూడా ఒకసారి ఆన్ చేసి అప్పుడు నడపాలి. వీధిలో కేబుల్ తెగిన రోజున ఆ టెథరింగ్ మాడ్యూల్ విలువ తెలుస్తుంది.

మే నెలలో ఏసీ లేని గదిలో బిల్డ్ పెడితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఉన్న కోర్లలో సగానికే జె ఇస్తే పెద్దగా నష్టపోయేదేమీ ఉండదు. కరెంటు పోవడం అంతకంటే చికాకు. మధ్యలో పోతే సున్నా బైట్ల డాట్ ఓ ఫైళ్లు (కంపైలర్ తయారుచేసేవి) మిగలొచ్చు. వాటి టైమ్‌స్టాంప్ కొత్తదే కాబట్టి మేక్ వాటిని పూర్తయినట్టే లెక్కేస్తుంది, లింక్ దగ్గర ఫైల్‌ని గుర్తుపట్టలేనంటూ ఆగుతుంది. మేక్ క్లీన్ అక్కర్లేదు. ఫైండ్‌తో సైజు సున్నా ఉన్న డాట్ ఓ ఫైళ్లను వెతికి తీసేసి మళ్లీ మేక్ కొట్టండి, మిగతాది కొనసాగుతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్' ఈక్వల్స్ 1 మర్చిపోతే జీబీల కొద్దీ మాడ్యూళ్లు డీబగ్ సమాచారంతో సహా దిగుతాయి, ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో ఎక్కే ఫైల్) ఉబ్బిపోయి /బూట్ నిండుతుంది. ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకు /బూట్ వేరే చిన్న పార్టిషన్ కాబట్టి దెబ్బ ముందు వాళ్లకే. సొంతంగా స్ట్రిప్ కమాండ్ కొట్టే తెలివి వద్దు. మాడ్యూల్ సంతకం ఊడిపోతుంది, పూర్తి స్ట్రిప్ అయితే మాడ్యూల్ లోడే కాదు. ఇక మనం కట్టిన కెర్నల్‌కి సంతకం లేకుండా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే బూట్ దగ్గరే 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' వస్తుంది. అలాంటప్పుడు ఎంఓకే కీతో (మెషీన్‌లో మనమే నమోదు చేసుకునే కీ) సంతకం పెట్టుకోవాలి, లేదా సెక్యూర్ బూట్‌ని ఆపాలి.

ఇంత చేసినందుకు దక్కేదేమిటంటే, ఊప్స్‌లో (కెర్నల్ తప్పు జరిగినప్పుడు వేసే రిపోర్టు) ఆర్‌ఐపీ వరుస (తప్పు ఎక్కడ పడిందో చెప్పేది) చివర ఫంక్షన్ పేరు, పక్కన ప్లస్ 40, స్లాష్ 120 ఉందనుకోండి. రెండూ హెక్సే: మొత్తం 288 బైట్ల ఫంక్షన్‌లో 64వ బైట్ దగ్గర పడిందని. దాన్ని యథాతథంగా కాపీ చేసి, వీఎంలైనక్స్‌తో పాటు స్క్రిప్ట్స్‌లోని ఎఫ్‌అడ్రర్2లైన్‌కి ఇస్తే ఫైలు, లైను, మధ్యలో ఇన్‌లైన్ అయిన ఫంక్షన్లతో సహా చెబుతుంది. మాడ్యూల్ అయితే బిల్డ్ ఫోల్డర్‌లోని స్ట్రిప్ కాని కేఓ ఫైల్ ఇవ్వాలి. ఆ 120 అలంకారం కాదు. మీ దగ్గరున్న ఫైల్లో ఆ ఫంక్షన్ సైజు వేరైతే 'సైజ్ మిస్‌మ్యాచ్' అని వదిలేస్తుంది. అంటే మీరు వేరే బిల్డ్ వీఎంలైనక్స్ పట్టుకున్నారన్నమాట.

ఇది తరచూ జరిగేదే. రెండోసారి మేక్ కొట్టగానే పాత వీఎంలైనక్స్ పోతుంది, బూట్ అయి ఉన్నదేమో పాత కెర్నల్. 'పెర్ఫ్ బిల్డ్‌ఐడీ-లిస్ట్ -కె' నడుస్తున్న కెర్నల్ బిల్డ్ ఐడీ చెబుతుంది, 'ఫైల్ వీఎంలైనక్స్' చేతిలో ఉన్నదాని ఐడీ చెబుతుంది. రెండూ ఒకటైతేనే ముందుకు. ప్రతి బిల్డ్‌కీ లోకల్‌వెర్షన్ (కెర్నల్ వెర్షన్ చివర తగిలే పేరు) మార్చి, ఇన్‌స్టాల్ అవగానే వీఎంలైనక్స్‌నీ డాట్ కాన్ఫిగ్‌నీ ఎక్స్‌జెడ్‌తో కుదించి పక్కన పెట్టుకుంటాను. అలా దాచేవాళ్లు కాన్ఫిగ్‌లో 'కంప్రెస్డ్' పెట్టకపోవడం మంచిది, ఒకసారి కుదించినదాన్ని ఎక్స్‌జెడ్ మళ్లీ కుదించలేదు.

కెమూ ఎమ్యులేటర్‌లో '-ఎస్' (చిన్న అక్షరం) ఇచ్చి జీడీబీతో 1234 పోర్టుకి తగులుకునేవాళ్లు బూట్ లైన్‌లో 'నోకేఏఎస్‌ఎల్‌ఆర్' పెట్టాలి. లేకపోతే చిరునామాలు జరిగిపోయి బ్రేక్‌పాయింట్ ఒక్కటీ తగలదు. స్టార్ట్ కెర్నల్ ఫంక్షన్ దగ్గరే ఆపాలంటే హెచ్‌బ్రేక్ (హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్) వాడండి. 'జీడీబీ స్క్రిప్ట్స్' ఆన్ చేసి ఉంటే ఎల్‌ఎక్స్-డీమెసేజ్, ఎల్‌ఎక్స్-సింబల్స్ (మాడ్యూళ్ల సింబల్స్ ఎక్కించేది) దొరుకుతాయి. రెండోది లేకుండా మాడ్యూల్‌ని డీబగ్ చేయడం నరకం.

మిగిలిన ఫిర్యాదు ఒక్కటే: వేరియబుల్ విలువ అడిగితే జీడీబీ చెప్పే 'ఆప్టిమైజ్డ్ ఔట్'. కెర్నల్ -ఓ2 ఆప్టిమైజేషన్‌తో కట్టబడుతుంది, -ఓ0తో (ఆప్టిమైజేషన్ లేకుండా) అసలు కట్టబడదు. చేరని కోడ్‌ని కంపైలర్ తీసేస్తుందన్న నమ్మకం మీదే కెర్నల్‌లో చాలా చెక్‌లు రాశారు, అది జరగకపోతే లింక్ దగ్గర ఆగిపోతుంది. నేను చేసేది, చూడాల్సిన ఒక్క డ్రైవర్ ఫైల్‌కే మేక్‌ఫైల్‌లో సీఫ్లాగ్స్ వరుస రాసి -ఓజీ (డీబగ్‌కి అనువైన ఆప్టిమైజేషన్) ఇవ్వడం. చాలా డ్రైవర్లకు అది చాలు. అప్పటికీ లోకల్ వేరియబుల్ కనబడకపోతే జీడీబీలో డిస్‌అసెంబ్లీ తెరిచి రిజిస్టర్లు చదువుకోవాల్సిందే.