బనావేనా, సగాదానా: ఒక్కటే చూడగలిగితే ఏది మేలు?

ఫిలిప్పీన్స్ అనగానే మనకు సముద్రమే గుర్తొస్తుంది. కానీ లుజోన్ దీవి ఉత్తరాన కార్డిలెరా కొండల్లో సముద్రం ఊసే లేని రెండు మున్సిపాలిటీలున్నాయి. ఇఫుగావ్ ప్రావిన్స్‌లో బనావే, మౌంటెన్ ప్రావిన్స్‌లో సగాదా. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామందే కాబట్టి, సెలవుల్లో కొండలెక్కాలంటే ఏది మేలన్న ప్రశ్న ఊసుపోక అడిగేది కాదు.

ముందు ఒక చిన్న మాట. అక్కడ మున్సిపాలిటీ అంటే ఒక పట్టణం కాదు, మన మండలం లాంటిది. దాని కింద ఊళ్లు, వాటిని బరాంగే అంటారు. బనావేలో 18, సగాదాలో 19. జనాభా బనావేలో 20 వేల పైచిలుకు, సగాదాలో 11 వేల పైచిలుకు. 1966 దాకా రెండూ ఒకే పెద్ద ప్రావిన్స్‌లో ఉండేవి. మనుషులు మాత్రం వేరు: బనావేలో ఇఫుగావ్‌లు, సగాదాలో కంకనాయ్‌లు. భాషలూ వేరే, ఇలొకానో అనే భాష మాత్రం రెండు చోట్లా నడుస్తుంది.

బనావే పేరు వరి మడుల వల్లే. కొండ వాలును మెట్లుమెట్లుగా చెక్కి, రాళ్లతో, మట్టితో గట్లు కట్టారు. 20 పెసోల నోటు వెనక ఉన్న బొమ్మ ఇదే. అయితే పట్టణం దగ్గర వ్యూ పాయింట్ నుంచి అందరూ ఫొటో తీసుకునే మడులు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో లేవు! 1995లో గుర్తింపు దక్కిన అయిదు చోట్లలో రెండు, బతాద్, బంగాన్, ఈ మున్సిపాలిటీలోవే. అందుకే బనావే వెళ్లి బతాద్ చూడకుండా వచ్చేస్తే వెళ్లినట్టు కాదు. జీప్నీ అనే షేర్ జీపులో కొంత దూరం పోయాక, చివర్లో నడకే.

ఈ మడుల వయసు రెండు వేల ఏళ్లని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి పురావస్తు తవ్వకాలు మాత్రం, స్పెయిన్ వాళ్లు వచ్చాక జనం పై కొండల్లోకి జరిగి, సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట వరి మడులను పెద్దఎత్తున విస్తరించారని సూచిస్తున్నాయి. నాకైతే ఈ రెండో కథే గొప్పగా అనిపిస్తుంది. తరిమితే పారిపోయినవాళ్లు కాదు, పైకెక్కి వ్యవసాయం చేసినవాళ్లు. మడుల పైన కుటుంబాల సొంత అడవి ఉంటుంది, దాన్ని ముయోంగ్ అంటారు. నీళ్లు నిలిచేది దాని వల్లే. తినావోన్ అనే దేశవాళీ వరి ఏడాదికి ఒక్క పంటే. నాట్లప్పుడు, కోతలప్పుడు, శవజాగారాల్లో ఆడవాళ్లు హుధుధ్ అనే కథాగానం పాడతారు. ఇప్పుడు కుర్రాళ్లు బగ్యో, మనీలా బాట పడుతున్నారు, తుఫానుకు కూలిన గట్టు కట్టడానికి చేతులు చాలట్లేదు. 2001 నుంచి 2012 దాకా యునెస్కో ఈ మడులను ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది కూడా.

సగాదా దగ్గరికొస్తే, అది సున్నపురాయి నేల, పైన్ చెట్లు, సుమారు 1,500 మీటర్ల ఎత్తు, చల్లగా ఉంటుంది. ఎకో వ్యాలీలో కొండచరియకు వేలాడే శవపేటికలు చూడటానికే చాలామంది వెళ్తారు. అందరికీ దక్కే మర్యాద కాదది, ఇప్పుడు ఎక్కువమందిని శ్మశానంలోనే పూడుస్తున్నారు. అమెరికన్ ఎపిస్కోపల్ మిషనరీలు 1904లో వచ్చారు, ఊళ్లో చర్చి ప్రభావం ఇప్పటికీ బలంగానే ఉంది. అయినా పెద్దలు కూర్చునే దాప్-ఐ రాతి అరుగులు పోలేదు. పోయినవాళ్లను తలుచుకునే నవంబర్ 1న సమాధుల మీద కొవ్వొత్తులకు బదులు పైన్ కట్టెలు వెలిగిస్తారు. కాఫీ, నారింజ తోటలున్నాయి, సుమగింగ్ గుహ ఉంది. పేరు నమోదు చేయించుకుని, స్థానిక గైడ్‌ను పెట్టుకోవాల్సిందే. టూరిస్టులను అదుపులో పెట్టడంలో సగాదాదే పైచేయి. బనావే పట్టణమైతే, నిజం చెప్పాలంటే, రేకుల కప్పులు, సిమెంటు గోడలతో ఇరుగ్గా ఉంటుంది, మొదటి చూపులో ఉసూరుమనిపిస్తుంది.

అయినా నా ఓటు బనావేకే, బతాద్‌లో ఒక రాత్రి ఉండగలిగితే. సగాదాలో మనం చూసేది ఎక్కువగా పోయినవాళ్ల గుర్తులు, కొండ చేసిన గుహలు. వరి మడులు సగాదాలోనూ ఉన్నాయి కానీ, ఊరి బతుకంతా ఒక పనిలో కనబడేది బతాద్‌లోనే.

నాలుగు రోజులుంటే గొడవే లేదు. మనీలా నుంచి రాత్రి బస్సులో బనావే చేరి, తర్వాత బొంతోక్ మీదుగా సగాదా, అటునుంచి బగ్యో దిగొచ్చు. తుఫానులుండే జూన్–అక్టోబర్ నెలలు తప్పించండి, కొండ దారుల్లో చరియలు విరిగిపడతాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే మాత్రం బతాద్ మెట్లు వద్దు. వాళ్లకు సగాదాయే నయం, అదీ గుహ జోలికి పోకుండా.