తిరుపతిలో పాత బసలు: కూల్చి కట్టాలా, బాగు చేసి వాడాలా?

తిరుపతి రైల్వే స్టేషన్ వెనుక ఉన్న గోవిందరాజస్వామి రెండో, మూడో సత్రాలను తొలగించి, వాటి స్థానంలో అచ్యుతం, శ్రీపథం అనే పేర్లతో కొత్త వసతి సముదాయాలు కట్టాలని 2023లో తిరుమల తిరుపతి దేవస్థానం నిర్ణయించింది. ఆ వార్త చదివినప్పటి నుంచి ఈ ఊళ్లో ఎక్కడ బస చేసినా ఆ గోడలను, పైకప్పును, నీటి గొట్టాలను అదే ప్రశ్నతో చూస్తున్నాను. ఇటీవల అమ్మను, అక్కాబావలను వెంటబెట్టుకుని చేసిన యాత్రలో ప్రైవేటు లాడ్జిలోనూ, దేవస్థానం వసతి సముదాయంలోనూ, కొండమీద గదిలోనూ ఉండే అవకాశం కలిగింది. పాత కట్టడాన్ని ఎప్పుడు కూల్చాలో, ఎప్పుడు కూల్చకూడదో ఆ మూడు చోట్లా నాకు కొంత స్పష్టమైంది.

మొదట దిగినది ఊరి నడిబొడ్డున ఉన్న పాత లాడ్జి. పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. అయితే బాత్‌రూమ్‌లో తలెత్తి చూస్తే స్లాబు అడుగున జానెడు మేర పెచ్చు ఊడిపోయి, లోపలి ఊచలు ఎర్రగా ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోతున్నాయి. తుప్పు అసలు ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటును అది లోపలి నుంచే పగలగొడుతుంది. పైన సున్నం పూసినా, కొత్త టైల్స్ అతికించినా ఆ పని ఆగదు. లిఫ్టు లేదు. మెట్లు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తున ఉండటంతో అమ్మ గోడ పట్టుకుని ఆగి ఆగి ఎక్కవలసి వచ్చింది. మేనేజరు మర్యాదస్థుడు. నేను ఊచలు చూపిస్తే దాచకుండా చెప్పాడు: "పైపు మారిస్తే టైల్ పోతాది, టైల్ కదిలిస్తే స్లాబు రాలతాది సార్. ఓనరు గారికి చెప్తానే ఉండాం." ఇలాంటి కట్టడానికి మరమ్మతు పేరిట పెట్టే ప్రతి రూపాయీ వృథాయే. ఖాళీ చేయించి కూల్చడమే మనుషుల ప్రాణాలకు క్షేమమని నా అభిప్రాయం.

మర్నాడు స్టేషన్ ఎదుట ఉన్న విష్ణునివాసానికి మారాం. యాత్రికుడికి ఏమి కావాలో తెలిసినవారు కట్టినట్టుగా ఉంటుంది అది. రైలు దిగి సామాను మోసుకుని నాలుగడుగులు వేస్తే చాలు. గది దొరకనివారికి హాలు, లాకరు ఉన్నాయి. సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే కౌంటరు కూడా ఆ ఆవరణలోనే ఉంది. రద్దీ రోజుల్లో ఆ ప్రాంగణమంతా గోలగా ఉంటుందన్నది నిజమే. ఆర్టీసీ బస్టాండు ఎదుటి శ్రీనివాసం కూడా ఇటువంటి సౌకర్యమే. బస్సులో వచ్చేవారికి అదే దగ్గర. ఈ రెండింటి అసలు బలం అవి ఉన్న చోటులోనే ఉంది. గోవిందరాజస్వామి సత్రాల విలువ కూడా అదే. అక్కడ ఎంత పాత గోడ ఉన్నా ఆ స్థలం మాత్రం ఎన్నటికీ పాతబడదు. ఆ స్థలంలో ఎక్కువమందికి చోటివ్వాలంటే కొత్త కట్టడం కావాలన్న వాదనలో బలముంది.

కొండమీద గది కోసం, గదులు కేటాయించే సి.ఆర్.ఓ. కార్యాలయం దగ్గర వరుసలో నిలబడ్డాం. గదుల కేటాయింపులో 2023లో తెచ్చిన ముఖ గుర్తింపు పద్ధతి వల్ల ఒకరి పేరున తీసుకుని మరొకరికి అప్పగించే దళారుల పని కష్టమైంది. మాలాంటి సామాన్యులకు అది మేలే. దొరికినది తక్కువ అద్దె గది. మంచం, ఫ్యాను, వేడి నీళ్లు తప్ప మరేమీ లేవు. కొండ చల్లదనంలో అంతకంటే అవసరమూ పడలేదు. అక్క మాత్రం కొండమీదే ఉన్న నారాయణగిరి విశ్రాంతిగృహం గదుల సంగతి ఎత్తింది. లోగడ 150 రూపాయలకు దొరికిన ఆ గదులను ఏసీలు, గీజర్లు పెట్టి ఆధునికీకరించాక అద్దె 1,700కు చేరిందని 2023 జనవరిలో పెద్ద చర్చే జరిగింది. వసతి మెరుగుపడిందనడంలో సందేహం లేదు. కానీ 150 రూపాయలు చేత పట్టుకుని వచ్చే కుటుంబానికి ఆ గది కూల్చేసినదానితో సమానం. కట్టడం నిలిచి ఉండగానే దాన్ని వాడుకునేవారు మారిపోవచ్చు. పునర్నిర్మాణం గురించి మాట్లాడేటప్పుడు నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

దీనికి పోలిన వ్యవహారం అమెరికాలో తమ్ముడి దగ్గరకు వెళ్లినప్పుడు చూశాను. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ అనే వినోద ఉద్యానంలో కాంటెంపరరీ అనే హోటల్ 1971 అక్టోబరులో ఆ ఉద్యానంతో పాటే తెరుచుకుంది. దాని గదులను ఉక్కు చట్రాలుగా వేరేచోట తయారుచేసి, క్రేన్లతో ఎత్తి ఏటవాలు కట్టడంలో అమర్చారు. ఒకే పట్టా మీద నడిచే మోనోరైలు ఇప్పటికీ భవనం మధ్య నుంచే పోతుంది. అర్ధ శతాబ్దం దాటినా ఆ ప్రధాన భవనాన్ని ఎవరూ కూల్చలేదు, లోపలి గదులను మాత్రం తరచూ కొత్తగా తీర్చిదిద్దుతున్నారు. పక్కనే ఉన్న ఉత్తరపు రెక్కను, అంటే ఆ హోటల్‌కే చెందిన పక్క భవనాన్ని, 2007లో పడగొట్టి, 2009లో బే లేక్ టవర్‌ను తెరిచారు. మామూలు హోటల్ గదులున్న చోట సభ్యత్వం కొనుక్కునే పద్ధతిలో నడిచే విడిది వెలసింది. ప్రత్యేకత ఉన్న కట్టడాన్ని నిలుపుకుని, ప్రత్యేకత లేని రెక్కను వదులుకున్న ఆ విచక్షణ నాకు నచ్చింది. కొత్తది మరో తరగతి వారికోసం లేవడం మాత్రం నారాయణగిరినే గుర్తుచేసింది. వినోద సంస్థకు లాభం ధర్మమే కావచ్చు. సత్రానికి కాదు.

కూల్చే తొందర ఎంత చేటు తెస్తుందో తిరుమలలోనే చూశాం. ఆలయం ఎదుట ఉండిన విజయనగర కాలంనాటి వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. విప్పిన రాళ్లతో దాన్ని మళ్లీ నిలబెట్టాలన్న కోరిక ఎంతమంది వెలిబుచ్చినా అది తిరిగి లేవలేదు. తిరుగు ప్రయాణంలో చంద్రగిరిలో ఆగి రాజమహల్ చూసినప్పుడు ఆ బాధ మరింత ఎక్కువైంది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మూడంతస్తుల భవనంలో ఇప్పటికీ మ్యూజియం నడుస్తోంది. సున్నపు గారతో కట్టిన గోడకు ఊచల తుప్పు భయం లేదు. దాన్ని మేం మొదట దిగిన కాంక్రీటు లాడ్జితో ఒకే గాటన కట్టి, "పాతది కాబట్టి పనికిరాదు" అనడం అన్యాయం.

కాబట్టి పాత సత్రాల విషయంలో నేను కోరేది కొంచెమే. ఏ బ్లాకుకు ఆ బ్లాకు విడిగా పరీక్షించాలి. కాంక్రీటు నమూనాలు తీసి బలం చూడటానికి, ఊచల స్థితి తేల్చడానికి ఏర్పేడు దగ్గరే ఐఐటీ ఉంది. నివేదికను యాత్రికులకు కనబడేటట్లు పెట్టాలి. కూల్చవలసి వస్తే అంతా ఒకేసారి ఖాళీ చేయించకుండా, ఒక భాగం పూర్తయ్యాక మరో భాగం ముట్టుకోవాలి. లేకపోతే కట్టినన్నాళ్లూ జనం స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద పడుకోవలసి వస్తుంది. పోయిన చౌక గదులు ఎన్నో కొత్త భవనంలో అన్నీ అదే స్థాయి అద్దెకు ఉండాలని తీర్మానంలోనే రాయాలి. ఏసీ గదులు వాటిపైన ఎన్ని కట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు వెళ్లేవారికి ఒక మాట. పెద్దవారు వెంట ఉంటే దేవస్థానం గదిని నెలల ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. అది కుదరక ప్రైవేటు లాడ్జిలో దిగవలసి వస్తే, డబ్బు కట్టే ముందు లిఫ్టు పనిచేస్తుందో లేదో అడగండి, గదిలోకి వెళ్లి బాత్‌రూమ్ పైకప్పును ఒకసారి చూడండి. ఊచ బయటికి కనబడితే వేరే గది అడగడం కాదు, వేరే లాడ్జి చూసుకోండి.