అర్క సూర్యముఖా, అర్క చందనా?

రెండూ బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన తీపి గుమ్మడి రకాలే. సంస్థ లెక్కల్లో దిగుబడి దాదాపు సమానం, ఎకరానికి 13 టన్నుల చుట్టుపక్కల. అసలు తేడా పండు ఈగ దగ్గర. పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క, దానిపై జిగురు బొట్టు కనిపించిందా, లోపల పురుగు చేరినట్టే. సూర్యముఖి ఈ ఈగను బాగా తట్టుకుంటుంది. కాయ కిలోకు అటూ ఇటూ. చిన్న కుటుంబానికి ఒక పూట దప్పళం, సగం కోసిన ముక్క ఫ్రిజ్‌లో మిగలదు.

గుజ్జు సంగతికొస్తే నా ఓటు చందన్‌కే. రెండు మూడు కిలోల కాయ కోస్తే నిగనిగలాడే నారింజ రంగు, కెరోటిన్ దండి. నిల్వా బాగుంటుంది. పంటకాలమే కాస్త ఎక్కువ, 115 నుంచి 120 రోజులు. సూర్యముఖి వంద రోజులకే తెగుతుంది. ఈగ బెడద ఉన్న చేనైతే మరో మాట లేదు, సూర్యముఖే.