కార్నేషన్‌కి తల ఒక్కసారి తుంచాలా, రెండుసార్లా?

కార్నేషన్ పూల మొక్కని దాని మానాన వదిలేస్తే ఒకే కాడ నిలువునా పెరుగుతుంది. చివర పువ్వు విచ్చాక ఆ బరువుకి పక్కకి వాలిపోతుంది. చామంతికి తుంచినట్టే దీనికీ తలలు, అంటే కాడ చివరి చిగుళ్లు, తుంచాలి. పేచీ అంతా ఎన్నిసార్లు అన్న దగ్గరే.

ఒక్కసారి తుంచడం తేలిక. నాటిన మూడు నాలుగు వారాలకి మొక్క నిలదొక్కుకుని ఆరేడు జతల ఆకులు వేస్తుంది. అప్పుడు కింద ఆరు కణుపులు ఉంచి పై చిగురు తీసేయాలి. ఆ కణుపుల నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి. పూలు త్వరగా వస్తాయి, కాడలు గట్టిగా ఉంటాయి. అయితే అన్నీ దాదాపు ఒకేసారి పూసి, తర్వాత కొన్నాళ్లు మొక్క బోసిగా ఉంటుంది.

రెండుసార్లు తుంచడమంటే అలా వచ్చిన కొమ్మలన్నిటికీ మళ్లీ తల తీయడం. మొక్క గుబురుగా తయారవుతుంది, మొగ్గలు లెక్కకి ఎక్కువే. కాని కాడలు సన్నబడతాయి, పూత నెలకి పైగా వెనక్కి పోతుంది.

మన దగ్గర అసలు చిక్కు ఈ ఆలస్యమే. ఊటీ, కొడైకెనాల్ కొండల మీద పాలీహౌస్‌ల్లో (ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్లలో) ఏడాదంతా చల్లదనం దొరుకుతుంది కాబట్టి కార్నేషన్ నెల ఆలస్యమైనా నష్టం ఉండదు. హైదరాబాద్‌లో దీనికి నచ్చే వాతావరణం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే. నేను ఒక ఏడాది ఆరు కుండీల్లో మూడింటికి ఒకసారి, మూడింటికి రెండుసార్లు తుంచాను. జనవరిలో చూస్తే రెండోరకం కుండీలే ముచ్చటగా, పచ్చగా నిండుగా ఉన్నాయి. ఒకసారి తుంచినవి ఫిబ్రవరిలో చక్కగా పూశాయి. రెండుసార్లు తుంచినవి మొగ్గ వేసేసరికి మార్చి ఎండ వచ్చేసింది. పూలు చిన్నవైపోయాయి, రేకులు రెండు రోజుల్లోనే వడలిపోయాయి. నెలల తరబడి సాకిన మొక్కలు అలా అయిపోతే చాలా బాధేసింది.

మధ్యేమార్గం ఒకటుంది, ఒకటిన్నర తుంపు. మొదటిసారి తుంచాక వచ్చిన కొమ్మల్లో సగానికే మళ్లీ తల తీస్తారు. తాకని సగం ముందు పూస్తుంది, మిగతా సగం ఆ తర్వాత అందుకుంటుంది. కోత పూలు అమ్ముకునేవాళ్లకి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే పువ్వు ఒకేసారి ముంచెత్తకుండా విడతలుగా చేతికొస్తుంది. ఇంట్లో అయితే సెప్టెంబర్‌లోనే మొక్క నాటినవాళ్లు ధైర్యంగా చేయొచ్చు. అక్టోబర్ దాటితే మాత్రం ఒక్క తుంపుతో ఆపేయడమే మేలని నా గట్టి నమ్మకం.

తుంచేది చేత్తోనే, ఉదయం పూట. నీళ్లు పట్టి కాడ పెళుసుగా ఉంటుంది కాబట్టి పక్కకి వంచితే టక్కున విరుగుతుంది. కత్తెర వాడితే ఒక మొక్క రసం ఇంకోదానికి అంటి తెగుళ్లు పాకే ప్రమాదం ఉంది.

తర్వాత మొగ్గల సంగతి. కాడకొక పెద్ద పువ్వు ఇచ్చే రకమైతే పై మొగ్గ ఉంచి, పక్క మొగ్గలు శనగగింజంత ఉండగానే గిల్లేయాలి. గుత్తులుగా పూసే స్ప్రే రకానికి సరిగ్గా తలకిందులు: నడిమి మొగ్గ తీసేస్తే చుట్టూ ఉన్నవన్నీ కలిసి విచ్చుకుంటాయి. బాల్కనీకి నా ఓటు స్ప్రే రకానికే. పువ్వు చిన్నదే అయినా కాడ వాలదు, ఊతకర్ర బెడద తక్కువ.

డిసెంబర్‌లో నర్సరీ నుంచి మొక్క తెచ్చుకుంటే, తుంచబోయే ముందు మొదలు దగ్గర ఆకులు తప్పించి చూడండి. అక్కడ ఇప్పటికే నాలుగు కొమ్మలు చీలి ఉంటే నర్సరీవాళ్లు ఒకసారి తుంచేసినట్టే. ఇక దాని జోలికి వెళ్లకండి.